నైరుతి బరువు

నేను ఒక ప్రయాణపు గదిని. పికప్ బండి వెనక సరుకు వేసుకునే చోట నన్ను నిలబెట్టి బోల్టులతో బిగించారు. లోపల పడక, పొయ్యి, నీళ్ళు అన్నీ ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు నన్ను చూసి, చక్రాల మీద ఇల్లంటూ మురిసిపోతారు. మురిసిపోయేవాళ్ళకేం! పైన గడగడలాడుతూ నిలబడేది నేను కదా. పుట్టిన దగ్గర్నుంచీ నాకు ఒకటే భయం, ఎక్కడ పడిపోతానోనని.

రాజమండ్రి శివార్లలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో నాగూర్ మేస్త్రి నన్ను కట్టాడు. కట్టించుకున్నది టైల్స్ కొట్టు గవర్రాజు గారు. రోడ్డు లేని కొండల్లోకి బండి తోలాలని ఆయనకు మహా సరదా. ఆయన భార్య హైమావతి గారికి కొండ పేరెత్తితేనే గుండె దడ. అయినా ఆయన్ని ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పక, తనూ వస్తానంది.

మేస్త్రి రెండు రకాలు చూపించాడు. ఒకటి పొట్టిది, నిద్రపోయేటప్పుడు పైకప్పు గుడారంలా లేపుకోవాలి. రెండోది పొడుగుది. కొండబాటకు పొట్టిదే నయమని గవర్రాజు గారు దాని మీద చెయ్యి వేశారు కూడా. అంతలో హైమావతి గారు లోపలికి తొంగి చూసింది.

"ఏవండీ, ఇందులో చీరెలా కట్టుకోనండీ? కూర్చుని కట్టుకుంటారా ఎవరైనా?"

ఇంకేముంది, నన్ను పొడుగ్గా కట్టారు. బండి మీదికి ఎక్కించి నిలబెట్టగానే కిందికి చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ తర్వాత హైమావతి గారి తమ్ముడు పద్మనాభం వచ్చాడు. ఇళ్ళకు వాస్తు చూస్తాడు. అక్క భయం తీర్చడానికే వచ్చాడు పాపం, మంచి మనసే.

"బండి తిరిగినప్పుడల్లా దిక్కులు మారిపోతాయి కదోయ్!" అన్నారు గవర్రాజు గారు.

"బండి ఎటు తిరిగినా దాని మూతి తూర్పే అనుకోవాలి బావా. అక్కడ్నుంచి మిగతా దిక్కులు లెక్కేసుకోవడమే."

అలా లెక్కేశారు. నైరుతి అంటే వెనక కుడి మూల. అక్కడ బరువుండాలట, అందుకని కప్పు మీద నీళ్ళ ట్యాంకు పెట్టారు. ఆగ్నేయమంటే ముందు కుడి మూల. అక్కడ పొయ్యి, సిలిండరు, కొట్లోంచి తెచ్చిన నల్ల గ్రానైటు బండ. ఈశాన్యం ఖాళీగా ఉండాలని ఎడమ పక్క చీపురు కూడా పెట్టనివ్వలేదు. తలుపు మాత్రం ఎడమ గోడకు, అంటే ఉత్తరానికి పెట్టారు. ఇది నేల మీద ఇల్లు కాదయ్యా, కొండల్లో ఊగుతుందయ్యా అని అరవాలనిపించింది. నోరేదీ నాకు?

ట్యాంకు నింపగానే కుడి పక్కకు ఒరిగాను. హమ్మయ్య, ఇప్పుడైనా చూశారు అనుకున్నాను. నాగూర్ మేస్త్రి చూశాడు, తల గోక్కున్నాడు. కుడి వైపు చక్రం మీద బరువు మోసే కమానుకట్టలో ఇంకో రెండు ఇనప పట్టీలు వేసి నన్ను నిటారుగా లేపాడు. "ఆయ్, ఇప్పుడు చూడండి, దీపంలా నిలబడింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నిటారుగా కనబడ్డానే గానీ బరువు ఎక్కడికి పోయింది? ఉన్న చోటే ఉంది.

పద్మనాభాన్నీ వెంటబెట్టుకుని మారేడుమిల్లి దాటి, తారు రోడ్డు వదిలి, మట్టిబాటలో కొండెక్కాం. ఎక్కడం ఎలాగో ఎక్కాం. దిగేటప్పుడు లోయ కుడివైపుకు వచ్చింది. వానకు బాట కోసుకుపోయి అటే వాలుగా ఉంది. లోయ చూస్తే కళ్ళు తిరుగుతున్నాయని హైమావతి గారు ముందు సీటు తమ్ముడికిచ్చి నాలోకి వచ్చి కూర్చుంది. వద్దమ్మా, నాలోకి వద్దు, నడిచి దిగు తల్లీ అని నేను కిర్రుకిర్రుమంటూనే ఉన్నాను. బోల్టులు నూనె అడుగుతున్నాయనుకున్నారు.

కుడి చక్రం గుంటలో దిగింది. ట్యాంకులో నీళ్ళన్నీ ఒక్కసారిగా అటు దూకాయి. ఎడమ చక్రాలు నేల వదలడం నాకు తెలిసింది. అంతే, బండితో సహా కుడి పక్కకు పడిపోయాను. ఒక రాతిగుండు అడ్డం లేకపోతే లోయలోకే. లోపల గ్రానైటు బండ ఊడి, హైమావతి గారి తల పక్కనే పడి రెండు ముక్కలైంది. ఆవిడ చెయ్యి దాని కింద నలిగింది. సిలిండరు గొట్టం ఊడింది. గ్యాసు బుస్సుమంటోంది. "ఏవండీ!" అని ఆవిడ పెట్టిన కేకకు నా రేకులు ఇప్పటికీ వణుకుతాయి.

బావా బావమరిదీ నా మీదికి ఎగబాకారు. ఇప్పుడు ఆకాశం వైపున్న తలుపు లాగి, ఆవిణ్ణి పైకి తీశారు. బతికింది. చెయ్యి మాత్రం విరిగింది.

క్రేను పెట్టి నన్ను మళ్ళీ షెడ్డుకు చేర్చారు. ఇక కళ్ళు తెరుస్తారు, ఆ ట్యాంకు దింపేస్తారు అని ఆశపడ్డాను. కట్టుతో వచ్చిన హైమావతి గారు నా తలుపును కళ్ళకద్దుకుంది.

"తలుపు ఉత్తరానికి పెట్టించబట్టే బయటపడ్డాను. నీ వాస్తే నన్ను బతికించిందిరా తమ్ముడూ!"

"లోపం నాదేలే అక్కా. ట్యాంకు చిన్నదైపోయింది. నైరుతిలో బరువు చాలక ఆ దెబ్బైనా తగిలింది. పెద్దది పెట్టిద్దాం."

గవర్రాజు గారు తలూపారు. "ఆయ్, అలాగేనండి, ఇంకో పట్టీ వేసేస్తాను" అన్నాడు నాగూర్ మేస్త్రి.

ఇవాళ మళ్ళీ కొండ దిగుతున్నాం. ఎక్కడో గృహప్రవేశం ఉందని పద్మనాభం రాలేదు. ముందు సీటు ఖాళీ. అయినా హైమావతి గారు అందులో కూర్చోలేదు. ఇప్పుడు ఆవిడకు భయమే లేదు. లోపల గడియ వేసుకుని, ఆ పెద్ద ట్యాంకు కిందే తలగడ పెట్టుకుని పడుకుంది. గవర్రాజు గారు పాట అందుకున్నారు. ఆవిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది. లోయ కుడివైపుకు వచ్చింది, పైన నీళ్ళు అటు కదులుతున్నాయి.