గడియ బోర్డు

మీ దగ్గర దాచడమెందుకు, ఆ గడియ వెయ్యడం బుడ్డదానికి నేర్పింది వాళ్లమ్మే.

వంటింటి అల్మరా తలుపు ఊడిపోతే ఆ చెక్క పారెయ్యకుండా, దానిమీద ఒక గడియ, ఒక కొక్కెం, పాత బ్యాగు జిప్పు, పెద్దపెద్ద బటన్లు బిగించింది. నాలుగేళ్లు నిండని పిల్లలకి చెప్తే ఎక్కదు, చేత్తో చేస్తే ఎక్కుతుందని ఎక్కడో చదివింది. "ఇలాంటివాటికి టైముంటుంది నీకు. నా షర్టు ఇస్త్రీకే ఉండదు," అన్నాడు మొగుడు, ఫోన్లోంచి తలెత్తకుండా. అన్నాడు గానీ, బుడ్డది నాలుక బయటపెట్టి, వేళ్లు వంకర్లు తిప్పి, చివరికి గడియ టక్కున పడేసేసరికి "నా కూతురు!" అని చప్పట్లు కొట్టిందీ ఆయనే.

ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంటినుంచే పని. రోజంతా ఎవరెవరో రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ మూసేశాక ఆ ఉద్యోగం ఇంట్లోవాళ్లు అందుకుంటారు.

ఆ సాయంత్రం ఆయనింకా ఆఫీసునుంచి రాలేదు. అత్తగారు హాల్లో టీవీ ముందుంది. రెండు కాల్స్ మధ్య దొరికిన సందులో ఈమె బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. లోపల స్టూలు ఈడ్చిన చప్పుడైంది. అబ్బో, అందనిదానికి స్టూలు తెచ్చుకోవాలని తెలిసిపోయిందే దీనికి అని మురిసిపోయింది. 

తర్వాత, టక్.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. అద్దం తలుపుకి అటువైపు, స్టూలు మీద, బుడ్డది. నడుం మీద చేతులు.

"తలుపు తియ్యి నాన్నా."

"సారీ చెప్పు."

"ఎందుకూ?"

బుడ్డది తల కాస్త పక్కకి వంచింది. "ఎందుకో నేను చెప్పాలా? నువ్వే ఆలోచించుకో."

ఆ మాట, ఆ విరుపు, ఎక్కడివో తెలియదా ఆమెకి? ఆయన ఇంటినుంచి మీటింగులో ఉండగా మిక్సీ వేసిన రోజు ఇదే బాల్కనీ, ఇదే గడియ. మొదటిసారి గడియ వేసి జోకన్నాడు. తర్వాతసారి జోకని కూడా అనలేదు. పక్క ఫ్లాటువాళ్లు వినట్లేదు కదా, పిల్ల నిద్రపోతోంది కదా అని చూసుకుని, అద్దానికి నోరానించి మెల్లగా సారీ చెప్పింది. తలుపు తెరుచుకుంది. పిల్ల నిద్రపోలేదన్నమాట. కర్టెన్ వెనక నిలబడి పాఠం నేర్చుకుందన్నమాట. గడియ వేస్తే అమ్మ సారీ చెప్తుంది, అప్పుడు తియ్యాలి. ఇంతే. బోర్డు కంటే సులువు.

"అత్తయ్యా! అత్తయ్యా, కాస్త తలుపు తియ్యండి!"

అత్తగారు వచ్చి చూసి నవ్వింది. "ఆడుకుంటోంది పాపం. ఆ ఒక్క మాట అనేస్తే పోయేదానికి నీకెందుకే అంత పంతం?"

అప్పుడూ ఇదే అంది. అప్పుడు నవ్వలేదంతే.

సారీ నాలుక చివరిదాకా వచ్చింది. రోజూ తిరిగే దారే కదా. మింగేసింది.

"చెప్పను," అంది కూతురితో. "నేను తప్పు చెయ్యలేదు. నాకిక్కడ భయమేస్తోంది. తియ్యి."

బుడ్డది తడబడింది. ఆటలో ఈ ముక్క లేదు.

"మరి నాన్న వేసినప్పుడు భయమెయ్యలేదా?"

"వేసింది."

టక్.

బట్టలు బకెట్లోనే వదిలేసి, బోర్డు చేసినప్పటి స్క్రూడ్రైవర్ తెచ్చింది. బుడ్డదాని చేతిలో పెట్టి, ఆ చేతిమీద తన చెయ్యి వేసింది. "ఇటు తిప్పితే బిగుస్తుంది. అటు తిప్పితే వదులవుతుంది. పట్టి చూడు." బాల్కనీ తలుపు గడియనుంచి ఊడిన ప్రతి స్క్రూనీ బుడ్డది గిన్నెలో టింగుమని వేస్తోంది.

అత్తగారి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "వాడొచ్చి చూస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసత్తయ్యా."

ఆఖరి స్క్రూ తుప్పు పట్టి మొండికేసింది. అప్పుడే వీధి తలుపులో తాళంచెవి తిరిగింది. బుడ్డది గబుక్కున స్టూలు దిగి కర్టెన్ వైపు పరుగెత్తబోయింది.

"దాక్కోకు," అంది ఆమె, స్క్రూడ్రైవర్ వదలకుండా. "నా పక్కనే ఉండు. ఇది కూడా చూడు."

మీ ఇంట్లో పిల్లలు ఏం ఆట ఆడుకుంటున్నారు? ఆ ఆటలో అమ్మ తలుపుకి ఏ వైపు ఉంటోంది? ఒకసారి చాటునుంచి చూసి, నాకు రాయండి.