ఈశాన్యంలో బాయిలర్

నేను చెప్పేది వినకముందే నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా రఘునాథ్ సార్ సరిగ్గా ఆ రకమే. 2005లో ఆయన తిరుపతి కొర్లగుంటలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసు నడిపేవాడు. నేను అందులో కొత్తగా చేరాను. పేజీని గళ్ళుగళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో రాతనో బొమ్మనో ఇరికించడం ఆయన పద్ధతి. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ ఒక బొమ్మను పక్కకు జరపాలంటే ప్రతి పేజీనీ విప్పి మళ్ళీ కట్టుకోవాలి.

నేను వెబ్ ప్రమాణాలు చదువుకుని వచ్చినదాన్ని. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అన్నంతవరకే పేజీలో ఉండాలి. అవి ఎక్కడ, ఏ రంగులో కనబడాలో వేరే ఒక్క ఫైలులో రాసుకోవాలి. ఈ మాట చెబితే సార్ యథాప్రకారం నవ్వాడు.

"ఇయ్యన్నీ పుస్తకాల్లో బాగుంటాయి జాహ్నవీ. సరే, దామోదరం సైటు నీ పద్ధతిలోనే చెయ్. తేడా వచ్చిందంటే మాత్రం ఇంగెప్పుడూ ఆ ఊసు ఎత్తకూడదు" అన్నాడు.

దామోదరం గారిది చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. వందకు పైగా పేజీలు చేశాను. ప్రతి పేజీలోనూ పైన కుడిమూల తళతళలాడే బాయిలర్ ఫొటో ఉండాలని ఆయనే పట్టుబట్టాడు.

సైటు ప్రారంభానికి మా ఆఫీసులోనే పదకొండున్నరకు ముహూర్తం పెట్టారు. పదకొండు దాటాక దామోదరం గారు కంప్యూటరుకు వేయడానికి పూలదండ తెచ్చారు. వెంట వాస్తు సిద్ధాంతి గోవిందస్వామి గారు కూడా ఉన్నారు. సిద్ధాంతి గారు తెరను చూశారో లేదో, అదిరిపడ్డారు.

"కొంపముంచినారే దామోదరప్పా! పటంలో పైన ఉత్తరం, కుడిపక్క తూర్పు గదా. అగ్గిని తెచ్చి ఈశాన్యంలో కూసోబెట్నారు! దాని తావు ఆగ్నేయం."

అంటే, కింద కుడిమూల. దామోదరం గారు చేతిలోని దండను మళ్ళీ కవరులో పెట్టేశారు.

"బాయిలర్ని జరిపితేనే పూజ. లేదంటే ఈ పని ఏదన్నా మదరాసు కంపెనీకి ఇచ్చేస్తా."

సార్ ఆయనకు అడ్డం వచ్చాడు. "అన్ని పేజీలూ మార్చల్లంటే పది దినాలన్నా పడతాదన్నా" అంటూ నావైపు ఉరిమి చూశాడు.

పది దినాలా! నాకు కోపమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. "సార్, ఇది మీ గళ్ళ సైటు కాదు" అని కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఆ ఒక్క ఫైలు తెరిచాను. బాయిలర్ ఫొటో దగ్గర 'పైన' అన్న మాట తీసి 'కింద' అన్న మాట పెట్టాను. రాత దానిమీద పడకుండా అడుగున కాస్త చోటు వదిలాను. సేవ్ చేసి, పేజీని మళ్ళీ తెప్పించాను.

బాయిలర్ ఆగ్నేయంలో ఉంది.

"ఇదొక్క పేజీనే గదమ్మా? మిగతావి సూపీ" అన్నారు దామోదరం గారు. ఆయన అడిగిన పేజీనల్లా తెరిచి చూపించాను. ప్రతి పేజీలోనూ బాయిలర్ కిందికి దిగిపోయింది. సిద్ధాంతి గారికి హుషారొచ్చింది. "బరువంతా నైరుతిలో ఉండాల. ఆఫీసు అడ్రసు ఆడికి తోయి తల్లీ" అన్నారు. తోశాను. ముహూర్తానికి ఇంకా టైముంది. నా ఛాతీ ఉప్పొంగిపోయింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

కొబ్బరికాయ కొట్టాక దామోదరం గారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు. "మా ఫ్యాక్టరీలో నిజం బాయిలర్ గూడా ఈశాన్యంలోనే ఉండాదమ్మా. దాన్ని జరిపేదానికి గూడా ఏమన్నా ఉపాయముందా?"

సిద్ధాంతి గారితో సహా అందరం పడీపడీ నవ్వాం. సార్ మాత్రం నవ్వలేదు. తెరమీదికి వంగి ఆ ఫైలునే చదువుతున్నాడు.

"జాహ్నవీ, మన పాత సైట్లన్నీ ఇట్లా మార్చల్లంటే యాడ మొదులుపెట్టల్ల?"

"మీ సీట్లో నుంచి లేయండి సార్, సూపిస్తా" అన్నాను.

లేచాడు.