బావమరిది దిగిన బస్సు

బావమరిది బస్సు దిగితే తప్ప బావకు భయం పోదని నేను అన్నప్పుడు, ఇద్దరూ నన్ను ఎగాదిగా చూశారు. "మీకేమైనా మతిపోయిందా మేడమ్?" అని బావమరిది అననే అన్నాడు. బావ మర్యాదస్తుడు కాబట్టి మనసులోనే అనుకుని ఊరుకున్నాడు.

బావ డ్రైవరు, బావమరిది కండక్టరు. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకే బస్సు. నేను వాళ్ల డిపోలో కౌన్సెలర్‌ని. టైర్ల గోడౌన్ పక్కన ఒక గది, రెండు కుర్చీలు, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యానూ ఇచ్చారు. అంతకుముందు ఒక పెద్ద ఆసుపత్రిలో, పరిశోధన విభాగంలో పనిచేశాను. భయపడ్డ మనిషి తనను భయపెట్టే చోటికే కొంచెం కొంచెంగా వెళ్లి, పారిపోకుండా అక్కడే ఉంటే, ఆ భయం దానంతట అదే తగ్గుతుందని అక్కడ తేల్చారు. పత్రికల్లో అచ్చేసుకున్నారు, చప్పట్లు కొట్టుకున్నారు, ఇళ్లకెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. భయంతో చచ్చేవాడు ఆ పత్రికలు వెతుక్కుని చదువుతాడా? మనమే దాన్ని అతని దగ్గరికి మోసుకెళ్లాలి. అందుకే ఈ డిపోకి వచ్చాను.

బావ కథ చిన్నదే. ఒక వానరోజు స్టాపులో జనాన్ని ఎక్కించుకుని బస్సు కదిలింది. అదుపు తప్పిన లారీ ఒకటి వచ్చి పక్కనుంచి గుద్దింది. ఎవరి ప్రాణాలూ పోలేదు. తప్పు బావది కాదని విచారణలో తేలింది కూడా. అయినా అప్పటినుంచి స్టీరింగ్ పట్టుకుంటే చాలు, చేతులు బిగుసుకుపోతాయి, గుండె దడదడలాడుతుంది. సోమవారం అధికారి వచ్చి, పక్కన కూర్చుని, డిపో ఆవరణలో బస్సు నడిపించి చూస్తాడు. నడపలేకపోతే ఇక శాశ్వతంగా బస్సులు కడిగే షెడ్డుకే.

"కడగడం నాకేం నామోషీ కాదమ్మా," అన్నాడు బావ. "కానీ స్టీరింగ్ లేకపోతే ఈ చేతులెందుకో నాకు తెలీదు."

సరే, పని మొదలుపెట్టాం. గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని బస్సును ఊహించుకోమనాలని పుస్తకంలో ఉంది. నిజం బస్సులు కిటికీ బయట వరసగా నిలబడి ఉంటే ఊహించుకోవడమేంటి, నా తలకాయ! తిన్నగా తీసుకెళ్లి, ఆగి ఉన్న బస్సులో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. దడ తగ్గేదాకా దిగొద్దన్నాను. తర్వాత ఇంజన్ ఆన్ చేయించాను. ఆ తర్వాత ఆవరణలో నడిపించాను. వెనక సీట్లో బావమరిది. "నేనున్నా బావా... మెల్లగా బావా... ఏం కాదు, నేనున్నా!" నోరు మూతపడితే ఒట్టు. బావ చక్కగా నడిపాడు. నా భుజం నేనే తట్టుకున్నాను.

శుక్రవారం బావమరిది టీకని దిగాడు. అంతే, బస్సు ఆవరణ మధ్యలో ఆగిపోయింది. బావకు ముచ్చెమటలు పోశాయి. "వాడేడి? వాడెక్కడ?" అని ఒకటే గోల.

అప్పుడు నా బుర్ర వెలిగింది. భయం ఎక్కడికీ పోలేదు. వెనక బావమరిది ఉన్నాడు కాబట్టి ఏమీ కాలేదని బావ నమ్ముతున్నాడు. తానే నడిపానని నమ్మడం లేదు. నేను చదివిన పరిశోధనలో ఇది స్పష్టంగానే ఉంది: చేతిలో ఊతకర్ర ఉన్నంతకాలం కాలు బాగుపడిందో లేదో తెలీదు. ఆ ఊతకర్ర మీసాలు పెట్టుకుని, టీ గ్లాసుతో నవ్వుకుంటూ వస్తుంటే పోల్చుకోవడం కష్టమైంది, అంతే.

"సోమవారం నిన్ను బస్సు ఎక్కనివ్వరు. రేపటినుంచే కింద నిలబడు. నోరు మెదపొద్దు," అన్నాను.

మతిపోయిందా అని అతనన్నది అప్పుడే. అంతటితో ఊరుకోలేదు. "మా బావకేమైనా అయితే మా అక్కకి నా మొహం ఎలా చూపించాలి?" అని గొంతు పెంచాడు. నేనేమైనా తక్కువ తిన్నానా!

"మీ బావకేమవుతుందయ్యా? గేటు వేసుంది, ఎదురుగా కుక్క కూడా లేదు! అసలు నువ్వు ఎవరికోసం ఎక్కి కూర్చుంటున్నావో చెప్పు!"

అతను టీ గ్లాసు మెట్టు మీద పెట్టేశాడు. "ఆ రోజు రైట్ చెప్పింది నేనే మేడమ్," అన్నాడు. "బస్సు మీద రెండు దెబ్బలేసి, రైట్ రైట్ అన్నాను. నేనన్నాకే బావ కదిలించాడు."

నా కోపమంతా చప్పున చల్లారిపోయింది. పాపం అనిపించింది. ఇన్ని రోజులూ "నేనున్నా" అన్నాడే గానీ, "రైట్" అన్న మాట ఒక్కసారీ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. బావ సీట్లోంచి దిగొచ్చి అతని నెత్తిన ఒక్కటి మొట్టాడు.

"పిచ్చి వెధవా, ఇన్నాళ్లూ ఇదా నీ బాధ? అద్దంలో చూసుకోవాల్సింది నేను కదరా. చూశాను. అప్పుడు లారీ లేదు."

మర్నాడు బావమరిది నా పక్కన కింద నిలబడ్డాడు. బావ ఒక్కడే ఎక్కాడు. బస్సు కొంచెం కదిలి, మలుపు దగ్గర ఆగిపోయింది. బావమరిది పరుగెత్తబోతే చొక్కా పట్టుకున్నాను.

"కదిలావంటే చూడు! ఆ దడ రానీ. వచ్చినట్టే పోతుంది. ఆయనదైనా, నీదైనా."

చొక్కా గుండీ ఊడొచ్చింది గానీ నేను వదల్లేదు. బస్సు చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత గేరు పడ్డ చప్పుడైంది. బావ ఆవరణ చుట్టూ తిప్పాడు, మళ్లీ తిప్పాడు, ఎండ తగ్గేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

సోమవారం అధికారి ఎక్కాడు. ఇంత ధైర్యం చెప్పిన దాన్ని, గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. చివరికి ఆయన దిగొచ్చి, "రేపే డ్యూటీ ఎక్కండి," అని బావతో చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది.

బావ మాత్రం సీటు వదల్లేదు. తలుపు తెరిచి, "ఒరేయ్, ఎక్కు," అన్నాడు. బావమరిది ఒక్క గంతులో ఎక్కేశాడు. బస్సు కదల్లేదు.

"పోనీ బావా."

"రైట్ చెప్పకుండా ఎలా పోనిస్తాన్రా?"

బావమరిది తలుపు దగ్గర నిలబడి చెయ్యెత్తాడు, దించేశాడు. బావకు జాలేసింది. వెనక్కి తిరిగి, "ఒరేయ్, నేనున్నా..." అని మొదలుపెట్టాడు. కిందనుంచి నేను ఉరిమి చూశాను. టక్కున నోరు మూసుకుని, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకి తిరిగి కూర్చున్నాడు.

ఇంజన్ నడుస్తూనే ఉంది. బావమరిది తల బయటికి పెట్టి ఖాళీ ఆవరణను అటూ ఇటూ చూశాడు. ఇంకోసారి చూశాడు. అప్పుడు బస్సు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"రైట్, రైట్!"

బావ బస్సును పోనిచ్చాడు.