కుళాయి చప్పుడు

“రెండు గంటలు సరదాగా నవ్వుకుని వద్దాం, తొందరగా తెములు” అన్నాడు మా ఆయన. నవ్వడానికి వెళ్ళాలన్నా నేను వంట చేసే వెళ్ళాలి. ఆ ఆదివారం పొద్దున ఐదింటికే లేచి రెండు పూటలకూ వండాను, వాషింగ్ మెషీన్ రెండుసార్లు వేశాను, అత్తయ్య మందులు పూటపూటకీ విడదీసి పెట్టాను. వారంలో ఆరు రోజులు ఊరందరి రక్తం తీస్తూ ల్యాబులో నిలబడే కాళ్ళు నావి. ఏడోరోజు మాత్రం కూర్చోనిచ్చేదెవరు? గడప దాటుతుంటే అత్తయ్య, “అక్కడ మరీ పగలబడకు. నవ్వు నాలుగు విధాల చేటు” అంది.

కామెడీ షో హాలు గుమ్మంలో ఒకమ్మాయి తలా ఒక చీటీ ఇచ్చింది. మన ఇంట్లో మనల్ని బాగా నవ్వించే విషయం రాసి డబ్బాలో వేయాలట, కమెడియన్ తీసి చదువుతాడట. నాకు రాయడానికి ఏమీ తట్టలేదు. ఆయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని గబగబా రాసి పడేశాడు.

నాలుగో చీటీ మాదే. “మా ఆవిడ రోజూ డ్యూటీ నుంచి రాగానే బాత్రూంలో దూరి, కుళాయి తిప్పుకుని అరగంట కూర్చుంటుంది. ఒళ్ళు తడవదు, ట్యాంకు మాత్రం ఖాళీ.”

హాలంతా గొల్లుమంది. “ఎవరండీ ఆ జలకన్య? ఒకసారి లేవాలి” అన్నాడు కమెడియన్. ఆయన మోచేత్తో నన్ను పొడిచి, “లే, లే, సరదాకే” అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఇంట్లో నేను లోపల గడియ పెట్టుకోగలిగింది ఆ నాలుగడుగుల గదికే. “కాస్త నవ్వుతూ సూది గుచ్చమ్మా, పేషెంట్లు జడుసుకుంటున్నారు” అని డాక్టరు అన్న రోజు అక్కడే కూర్చున్నాను. “టీ అడిగితే మొహం మాడ్చుకుంటావేం” అని ఈయన అన్న రోజూ అక్కడే. మూడో నెలలో నా కడుపు పోయినప్పుడు, “ఎవరికీ పోనట్టు ఏమిటా శోకాలు? ఇంట్లో ఏడుపు వినపడకూడదు” అంది అత్తయ్య. వినపడకూడదన్నారు కాబట్టే ఆ రోజు మొదటిసారి కుళాయి తిప్పాను.

లేచాను. మైకు చేతికొచ్చింది.

“ఏంటి మేడం, అరగంట ఆ నీళ్ళతో ఏం కబుర్లు?”

“ఏడుస్తుంటాను. బయటికి వినపడకుండా కుళాయి తిప్పుతాను.”

కొందరు అలవాటు కొద్దీ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. కాసేపటికి వాళ్ళూ ఆగారు. కమెడియన్ “సారీ అండీ” అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్నే చూస్తూ ఉండిపోయింది.

కారెక్కేదాకా నేను, పాపం తెలియక రాశాడు, ఇప్పుడు తెలిసింది కదా, సిగ్గుపడతాడు అనుకుంటున్నాను. అప్పటికీ పాపమే అనుకున్నాను చూడండి, నా బుద్ధి కాలా.

“పరువు తీశావు” అన్నాడు తలుపు ధడాల్న వేసి. “నువ్వు ఏడుస్తావని నాకు తెలియదా? కడుపు పోయినప్పటి నుంచీ తెలుసు. అది నలుగురిలో చెప్పుకునే మాటా?”

తెలుసట. తెలిసే, నేను లోపల ఉన్నంతసేపూ టీవీ సౌండు పెంచేవాడు. తెలిసే చీటీ రాశాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్తయ్య, “ఏమ్మా, బాగా నవ్వారా?” అంది. నేను బాత్రూం వైపు వెళ్ళలేదు. హాల్లో ఆయన కుర్చీలో కూర్చుని, టీవీ కట్టేసి, వీధిలోకి వినపడేలా గొంతెత్తి ఏడ్చాను.