ఏడో పేజీలో దెయ్యాలు

ఆ పిల్ల కారు దిగుతూనే అడిగింది, "దెయ్యాలెక్కడ?" అని.

ఆర్డిస్ వావ్రా గుమ్మం ముందు ఊడుస్తోంది. సరిగా వినపడలేదనుకుని, "ఏంటమ్మా?" అంది.

"దెయ్యాలు! ముగ్గురు పిల్ల దెయ్యాలు. నవ్వుతాయంట కదా?"

వెనకాలే వచ్చిన తల్లి చేతిలోని రంగుల పుస్తకం తిప్పి చూపించింది. జిల్లా పర్యాటక కార్యాలయం వాళ్లు ఈ వేసవికి కొత్తగా వేశారు దాన్ని. 'పిల్లాపాపలతో చూడదగ్గ ఇరవై చోట్లు' అని పేరు. మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట, ప్రెయిరీ కుక్కలనే ఉడుతజాతి జంతువుల బొరియలు, రెండంతస్తుల ఎత్తు ఇనుప నాగలి, అన్నీ ఉన్నాయి. ఏడో పేజీలో ఆర్డిస్ వాళ్ల మట్టిపెళ్లల ఇల్లు. బొమ్మ కింద ఇలా ఉంది: 'ఇక్కడ చనిపోయిన ముగ్గురు చిన్నారులు ఇప్పటికీ ఆడుకుంటూనే ఉన్నారు! వాళ్ల నవ్వులు మీకు వినిపిస్తాయా? ఇంటిల్లిపాదికీ గిలిగింతలు పెట్టే భయం!'

ఆర్డిస్ రెండుసార్లు చదివింది. చెవులు వేడెక్కాయి.

"రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాం. ఏదో ఒకటి చెప్పండి, పిల్ల సరదా పడుతుంది," అంది తల్లి నవ్వుతూ.

"దెయ్యాల్లేవమ్మా ఇక్కడ. మా మేనత్తలున్నారు. ఇంటి వెనకాల సమాధుల్లో ఉన్నారు. చూస్తారా?"

తల్లి నవ్వు ఆగిపోయింది. పిల్లను రెక్క పట్టుకుని కారెక్కించింది. ఆ కారు రేపిన దుమ్ము అణిగేదాకా ఆర్డిస్ చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది.

ఆ ఇల్లు కట్టింది ఆమె తాత యోసెఫ్. నెబ్రాస్కాలో ఆ వైపు అప్పట్లో గడ్డి తప్ప చెట్టన్నది లేదు. అందుకని గడ్డి నేలనే వేళ్లతో సహా పెళ్లలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు లేపాడు. నాలుగేళ్ల తర్వాత, 1911 జనవరిలో, కంఠసర్పి వచ్చి గొంతులు మూసుకుపోయి తొమ్మిది రోజుల్లో ముగ్గురాడపిల్లలూ పోయారు. నేల రాయిలా గడ్డకట్టి గునపం దిగలేదు. మార్చిలో మంచు కరిగేదాకా ఆ పిల్లల్ని ధాన్యపు కొట్లో ఉంచారు. ఆ రెండు నెలలూ వాళ్లమ్మ గింజల కోసం ఆ కొట్లోకే వెళ్లి వచ్చేది. మిగిలింది ఉయ్యాల్లో ఉన్న మగపిల్లాడు, ఆర్డిస్ తండ్రి. ఆయన డెబ్బై ఏళ్లొచ్చినా టోపీ తియ్యకుండా ఆ గుమ్మం దాటలేదు.

తండ్రి పోయాక, ఇల్లు పడిపోకుండా ఉంటుందని ఆర్డిస్ దాన్ని జిల్లాకు రాసిచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపి రిటైరయ్యాక, ఏటా వసంతంలో వాన కరిగించిన చోటల్లా కొత్త పెళ్లలు కోసి తనే పూడుస్తోంది. జీతం లేదు, ఎన్నడూ అడగలేదు కూడా.

ఆ మధ్యాహ్నమే తలుపు తాళం వేసి, చీపురు ట్రక్కులో పడేసి పర్యాటక కార్యాలయానికి వెళ్లింది. దాని అధికారి ట్రెంట్ హోల్కమ్‌కు నలభై ఏళ్లుంటాయి. ఒకప్పుడు ఆమె బస్సులో మూడో సీట్లో కూర్చునేవాడు.

"రండి ఆర్డిస్ గారూ! చూశారా పుస్తకం? కిందటి జూన్‌లో మీ ఇంటికి నలభై మంది కూడా రాలేదు. ఈ జూన్‌లో మూడు వందలు దాటారు!"

"ఎవర్రా నీకు దెయ్యాల గురించి చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదండీ. మట్టిగోడలు చూడ్డానికి ఈ రోజుల్లో పిల్లలెవరొస్తారు? ఏదో కొంచెం సరదాగా ఉంటుందని..."

"సరదానా?" బల్ల మీద చరిచింది. కాఫీ కప్పు ఎగిరిపడింది. "ఊపిరాడక చచ్చిపోయారు వాళ్లు. పెద్దదానికి ఆరేళ్లు. నీకూ ఇద్దరున్నారుగా? వాళ్లలో ఒకడికి గొంతు మూసుకుపోతే, దాని మీద బొమ్మేసి పంచిపెడతావా?"

"అంత మాటనకండి. నూరేళ్లు దాటిపోయింది కదా అని..."

"నువ్వు బస్సులో వాంతులు చేసుకుంటే తుడిచినదాన్నిరా నేను. ఏం రాయాలో నన్నొక్క మాట అడగలేకపోయావా? ఫోను లేదా? దారి తెలీదా?"

ట్రెంట్ కాఫీ తుడుచుకుంటూ, పుస్తకాలు నాలుగు వేలు అచ్చయిపోయాయనీ, ఇక తన చేతుల్లో ఏమీ లేదనీ గొణిగాడు.

తర్వాతి నాలుగు రోజులూ ఆర్డిస్ ట్రక్కులోనే తిరిగింది. పెట్రోలు బంకులు, మోటెళ్లు, ఎరువుల దుకాణం, చర్చి వరండా, ఎక్కడ ఆ పుస్తకాల స్టాండు కనిపిస్తే అక్కడ ఖాళీ చేసింది. ఓ బంకులో పనిచేసే అమ్మాయి, "అవి ఒక్కొక్కటే తీసుకోవాలండీ," అంది. "అయితే ఒక్కొక్కటే తీసుకుంటాను," అని ఆ అమ్మాయి ఎదురుగానే నిలబడి ఒక్కొక్కటీ లాగి సంచిలో వేసుకుంది.

మంగళవారం జిల్లా బోర్డు సమావేశం. అధ్యక్షుడు వేన్ పాస్పిషిల్ వాళ్ల పొలం ఆ ఇంటికి రెండు మైళ్లే. అతని భార్య గసగసాలు కూరిన తియ్యటి బన్నులు, కొలాచీలు, చేసి పంపింది. అందరూ తింటున్నారు. ఆర్డిస్ ముట్టలేదు. మూడు గోనె సంచులు తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. పుస్తకాలు జారి కొలాచీల పళ్లెంలో పడ్డాయి.

"ఆర్డిస్, ఏంటిది?" అన్నాడు వేన్. "కూర్చుని మాట్లాడుకుందాం."

"నువ్వు కూర్చో. మీ తాత ఆ పిల్లలకు శవపెట్టెలు చేసిచ్చాడు. తెలుసా నీకు?"

వేన్ తలదించుకున్నాడు. "తెలుసు."

"తెలిసే సంతకం పెట్టావా దీనికి?"

"చదవలేదు. నిజం చెబుతున్నా. ఇరవై పేజీలు, ఎవరు చదువుతారు?"

"బాగుంది! రాసినవాడు అడగలేదు, సంతకం పెట్టినవాడు చదవలేదు. ఊళ్లు తిరిగే పిల్లలు మాత్రం చదువుతున్నారు."

చివరికి వేన్ గొంతు సవరించుకుని, మళ్లీ అచ్చు వేయించడం ఈ ఏడాది కుదరదనీ, కావాలంటే ఆ మూడు లైన్లూ నల్ల మార్కర్‌తో కొట్టేసి పంచిపెట్టొచ్చనీ అన్నాడు. ముగ్గురు సభ్యులూ సరేనంటూ చేతులెత్తారు.

"కొట్టేసేదెవరు?" అని అడిగింది ఆర్డిస్.

ఓ మూల కూర్చున్న ట్రెంట్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వేన్ అతనికేసి చూశాడు. "నువ్వే, ట్రెంట్. ప్రతి పుస్తకమూ."

బుధవారం పొద్దున్నే ట్రెంట్ కార్యాలయం తలుపు తీసేసరికి ఆర్డిస్ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికొచ్చి అతని ఎదురుగా కుర్చీ వేసుకుంది. అతను ఒక్కో పుస్తకం తీసి, ఏడో పేజీ తిప్పి, మూడు లైన్లు కొట్టి, పక్కన పెడుతున్నాడు. ఆమె ఆ ప్రతి పుస్తకమూ తెరిచి చూస్తోంది. 'నవ్వులు' అన్న మాట కాస్త కనిపించినా వెనక్కి తోస్తోంది.

"ఇది సరిగ్గా పోలేదు."

"కనపట్టంలేదండీ."

"నాకు కనిపిస్తోంది. మళ్లీ కొట్టు."

రెండో రోజు మధ్యాహ్నానికి అతని వేళ్లు నల్లబడ్డాయి. మార్కర్ బల్ల మీద పెట్టి, కళ్లెత్తకుండా అడిగాడు.

"వాళ్ల పేర్లేంటి, ఆర్డిస్ గారూ? వచ్చే ఏడాది పుస్తకంలో సరిగ్గా వేద్దాం."

ఒక్క క్షణం ఆ పేర్లు ఆమె నోటిదాకా వచ్చాయి. తండ్రి ఆ పేర్లు ఎలా పలికేవాడో అలాగే, పెద్దదాని నుంచి వరసగా. కానీ ఆ నల్లబడ్డ వేళ్లు చూస్తే జాలి కలగలేదు. అడగాల్సిన రోజు అడగకుండా ఇప్పుడడిగేసరికి ఒళ్లు ఇంకా మండింది.

"సమాధుల మీద చెక్కి ఉన్నాయి. వెళ్లి చదువుకో," అంది. వంగి, కింద ఉన్న అట్టపెట్టె తెరిచి, మరో కట్ట తీసి అతని ముందు పడేసింది. "ముందు ఇవి కానియ్యి."