టానర్ వీధి సోఫాలో గుంట

బెరిల్‌కి తన అక్క మ్యూరియల్ మీద ఉన్న ఫిర్యాదు చిన్నదే. ఎనభై ఒక్క ఏళ్ళలో మ్యూరియల్ ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు. ఆవిడ వాన పడుతుందంటే పడి తీరుతుంది. పడకపోతే పక్క ఊళ్ళో పడిందనీ, మనకే తెలియలేదనీ తేలుతుంది. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీని ఇంటికి తెచ్చి ఎర్ర పెన్నుతో దిద్దుతుంది. చర్చిలో ప్రార్థన చివర అందరూ ‘ఆమెన్’ అంటే, మ్యూరియల్ మాత్రం ఫరవాలేదు అన్నట్టు తలాడిస్తుంది. ఇలాంటి మనిషితో ఒకే ఊళ్ళో డెబ్భై ఆరేళ్ళు కాపరం చేసినందుకు ప్రభుత్వం తనకేదైనా పతకం ఇవ్వాలని బెరిల్ అనుకునేది. ప్రభుత్వం ఇవ్వలేదు సరికదా, ఊరి మ్యూజియం వాళ్ళు మ్యూరియల్ చేతికే ఒక గదిని అప్పజెప్పారు.

క్లెగ్‌డెన్‌లో ఆఖరి నూలుమిల్లు మూతబడి నలభై ఏళ్ళయింది. ఇన్నాళ్ళకి దాన్ని మ్యూజియం చేసి, లోపల పాతకాలపు ఇల్లు ఒకటి కట్టాలనుకున్నారు. టానర్ వీధి తొమ్మిదో నంబరు, అంటే బెరిల్, మ్యూరియల్ పుట్టి పెరిగిన ఇల్లు, ఎప్పుడో నేలమట్టమైంది. ఇప్పుడు దాన్నే మళ్ళీ నిలబెడుతున్నారు. ఈ పనంతా చూసేది ట్రిస్ట్రమ్ పెల్ అనే కుర్ర అధికారి. దేశంలో దక్షిణాది వాడు, మిల్లు ఊళ్ళు ఎరగడు. బట్టలు పిండే చెక్క రోలరు చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. దాని హ్యాండిలు ఒక్కసారీ తిప్పనివాళ్ళకే అలాంటి కన్నీళ్ళు వస్తాయని బెరిల్‌కి తెలుసు గానీ, పైకి అనలేదు.

వంటగది విషయంలో పేచీ రాలేదు. బొగ్గు పొయ్యి, దాని ముందు ఆరేసిన మేజోళ్ళు, గోడ మేకుకి వేలాడే, స్నానానికి వాడే రేకు తొట్టి. చిక్కంతా ముందుగదితో వచ్చింది.

ముందుగది ఇంట్లోకెల్లా మంచి గది. మంచిది కాబట్టి ఇంట్లోవాళ్ళెవరూ అందులోకి వెళ్ళకూడదు. ఇంటిల్లిపాదీ వెనక వంటగదిలో ఒకరి మోచెయ్యి ఒకరి పులుసులో ముంచుకుంటూ కూర్చునేవారు. ముందుగదిలో పాదరీగారు కూర్చుంటారు, డాక్టరుగారు కూర్చుంటారు, ఎవరైనా పోతే శవపేటిక అక్కడ పెడతారు. తాతగారు జీవితంలో మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళింది పోయాకే. శుక్రవారం సాయంత్రాలు అమ్మ లోపల దుమ్ము దులిపేటప్పుడు పిల్లలకి గుమ్మం బయట నిలబడి చూసే హక్కు ఉండేది. అందుకని బెరిల్ జ్ఞాపకంలో ఆ గది ఇప్పటికీ సగమే: పియానో, పియానో మీద పింగాణీ కుక్కలు, దాని పైన అద్దం, ఆ అద్దంలో సీలింగు ముక్క. ఆ పియానో వాయించడం ఇంట్లో ఎవరికీ రాదు. దుమ్ము దులిపేటప్పుడు అమ్మ వాయించిందే సంగీతం.

మ్యూరియల్‌కి మాత్రం గది మొత్తం గుర్తుంది. గుమ్మం బయట ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం కదా, నీకు మిగతా సగం ఎలా కనబడిందే అని బెరిల్ అడగలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషికి సహజంగానే ఎక్కువ కనబడుతుందని సరిపెట్టుకుంది.

అసలు గొడవ సోఫాది.

1954లో, విట్ అనే చర్చి పండగ ఊరేగింపు ఇంకో మూడు రోజులుందనగా, శుక్రవారం సాయంత్రం అమ్మ దుమ్ము దులపడానికి లోపలికి వెళ్ళి ఆగిపోయింది. ఆకుపచ్చ మఖమలు సోఫాలో, ఈకలు దట్టించిన దిండు మధ్యలో ఒక గుంట ఉంది. ఎవరో కూర్చున్న గుంట. పాదరీగారు వచ్చి నాలుగు నెలలైంది, డాక్టరుగారు వచ్చి ఏడాదైంది, తాతగారు కూర్చునే స్థితిలో లేరు.

అమ్మ అరవలేదు. మగ్గాల హోరులో పనిచేసే ఆడవాళ్ళకి గొంతుతో పనిలేదు, పెదాలు చాలు. వీధిలోకి వెళ్ళి ఎదురింటి మిసెస్ ఎంట్విజిల్ వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలతోనే విషయం చెప్పింది. మిసెస్ ఎంట్విజిల్ పదమూడో నంబరుకి చెప్పింది. పది నిమిషాల్లో వీధి వీధంతా, ఎవరూ నోరు మెదిపిన చప్పుడు లేకుండానే, తొమ్మిదో నంబరు ముందు వరస కట్టింది. చెక్కబూట్లు గుమ్మంలో విప్పి, ఒక్కొక్కరే లోపలికి తొంగిచూసి, గుంటను దర్శించుకుని, అమ్మ భుజం తట్టి వెళ్ళారు. తాతగారు పోయినప్పుడు కూడా ఇంతమంది రాలేదు. నాన్న ఒక్కడే, సోఫా ఉన్నది కూర్చోడానికే కదా అన్నాడు. ఆయన్ని పావురాల గూటి దగ్గరికి పంపేశారు.

తర్వాత విచారణ. మిసెస్ ఎంట్విజిల్ టేపు తెచ్చింది. గుంట వెడల్పు పధ్నాలుగు అంగుళాలు. పదకొండేళ్ళ మ్యూరియల్ చీపురుపుల్లలా ఉండేది. ఎలా కొలిచినా పది దాటలేదు. ఆరేళ్ళ బెరిల్ బొద్దుగా ఉండేది; పన్నెండున్నర వచ్చింది. మిగతా ఒకటిన్నర అంగుళం అటూ ఇటూ కదలడం వల్ల వచ్చిందని మిసెస్ ఎంట్విజిల్ తేల్చింది. బెరిల్ ఆ గదివైపు ఆశగా చూస్తుండగా తను చూశానని మ్యూరియల్ సాక్ష్యం చెప్పింది. అది నిజమే. ఆ వీధిలో ముందుగది వైపు ఆశగా చూడని పిల్ల లేదు.

బెరిల్‌కి శిక్ష పడింది. విట్ ఊరేగింపులో చర్చి జెండా నుంచి వేలాడే నీలం రిబ్బను పట్టుకుని, కొత్త తెల్లగౌనుతో, బ్యాండు వెనక నడవాల్సిన పిల్ల ఆ రోజు పైగది కిటికీలోంచి చూసింది. గౌను తలుపు వెనక వేలాడింది. రిబ్బను పట్టుకుని మ్యూరియల్ నడిచింది.

ఇదంతా అక్కడితో ఆగితే బెరిల్ మర్చిపోయేది. ఆగలేదు. ఆమె పెళ్ళిలో ఈ కథ చెప్పారు. భర్త హెరాల్డ్ నలభై తొమ్మిదేళ్ళ కాపరంలో కొత్త కుర్చీ ఇంటికొచ్చిన ప్రతిసారీ ‘నువ్వు ముందు కూర్చో, అచ్చు పడుతుంది’ అనేవాడు. తను కూర్చోలేదని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా, ‘అలాగేలే’ అనేవాడు. ‘అలాగేలే’ అంటూనే పోయాడు.

ఇప్పుడు పెల్ ఆ కథను ఇత్తడి రేకు మీద చెక్కిస్తానంటున్నాడు. నమూనా కాగితం తెచ్చి మురిసిపోతూ చదివి వినిపించాడు: ‘1954లో ఆరేళ్ళ బెరిల్ హిండిల్ అనుమతి లేకుండా ఈ సోఫాలో కూర్చుంది.’ శనివారం ప్రారంభోత్సవం. సోమవారం నుంచి బడిపిల్లలు వస్తారు. మొదటి గుంపులో బెరిల్ మునిమనవరాలు ఉంది. ఆ పిల్లకి ఆరేళ్ళు, ఈమధ్యే కూడబలుక్కుని చదవడం వచ్చింది, కనబడినదల్లా గట్టిగా చదువుతోంది.

పేరు తీసేసి ‘ఎవరో ఒకరు’ అని వెయ్యమని బెరిల్ మర్యాదగా అడిగింది. సందర్శకులకి పేరుంటేనే ఆసక్తి అన్నాడు పెల్. చరిత్రను మన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు అంది మ్యూరియల్. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన గొంతు అది. పెల్ కూడా ఠక్కున నిటారుగా కూర్చున్నాడు.

ఆ తర్వాత గుంట తయారీ. గుంట లేని సోఫా వట్టి సోఫాయే అని పెల్ పట్టు. అచ్చు కోసం మొదట బెరిల్‌నే అడిగారు.

“చూడు నాయనా,” అంది బెరిల్, “కూర్చోకుండానే డెబ్భై ఏళ్ళు మాటలు పడ్డాను. ఇప్పుడు కూర్చుంటే ఉరి తీస్తారేమో, నాకెందుకు?”

పైగా ఇప్పుడు ఆమె కొలత పధ్నాలుగు దాటి చాలాకాలమైంది. అందుకని పిండి బస్తా పెట్టి చూశారు; చదునుగా వచ్చింది. క్రిస్మస్ పుడ్డింగు గిన్నెతో సహా పెట్టారు. మరీ గుండ్రంగా వచ్చింది. పెల్ తన మోకాలు పెట్టాడు. మ్యూరియల్ చూసిన చూపుకి తీసేశాడు. చివరికి ఆరు కిలోల గడ్డకట్టిన టర్కీ కోడిని తువ్వాలులో చుట్టి కూర్చోబెడితే, పధ్నాలుగు అంగుళాలు సరిగ్గా కుదిరింది. మ్యూజియం కమిటీ నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి గుంటను పరిశీలించి సంతకాలు పెట్టారు. కోడి కరగకముందే తీసెయ్యాలని ఒకాయన మినిట్సులో రాయించాడు. తన పరువు ఒక టర్కీ కోడి కూర్చున్న చోట ఖాయమైపోతుంటే, బెరిల్ గుమ్మం బయట నిలబడి చూసింది. గుమ్మం దాటడానికి ఇప్పటికీ కాళ్ళు రాలేదు.

బుధవారం పొద్దున అద్దం బిగిస్తున్నారు. పెల్ నిచ్చెన మీద ఉన్నాడు. మ్యూరియల్ గది మధ్యలో చేతికర్ర ఆనించుకుని నిలబడింది. సోఫా కిటికీకి వీపు పెట్టి ఉంది, ఎదురుగోడకి పియానో, దాని పైన అద్దం. కిటికీ బయట పలక మీద ఎదురు మిల్లు చిమ్నీని రంగుల్లో వేయించారు.

అద్దం ఎత్తుగా ఉందంది మ్యూరియల్. పెల్ అంగుళం దించాడు. ఇంకా అంది. ఇంకో అంగుళం దించాడు. కొంచెం ముందుకి వంచమంది. వంచాడు. చాలా అని పెల్ అడిగాడు.

“చాలదు. ఇంకా కిందికి రావాలి. చిమ్నీ సరిగ్గా నెత్తిమీద మొలిచినట్టు ఉండాలి, టోపీలాగా. ఇప్పుడు చెవిలోంచి వస్తుంది.”

పెల్ మేకు తీసి మళ్ళీ కొట్టబోయాడు. గుమ్మంలోంచి బెరిల్ అడిగింది. గొంతు పెంచలేదు.

“ఎవరి నెత్తిమీద, మ్యూరియల్?”

మ్యూరియల్ అద్దం వైపే చూస్తోంది.

“గుమ్మంలోంచి చూస్తే అందులో సీలింగే కనబడుతుంది,” అంది బెరిల్. “నేను ఆరేళ్ళపాటు ఆ సీలింగే చూశాను. పక్కనే నిలబడి నువ్వూ అదే చూశావు. చిమ్నీ నెత్తిమీద ఎక్కాలంటే ఆ సోఫాలో కూర్చోవాలి.”

నిచ్చెన మీద పెల్ నోట్లో రెండు మేకులున్నాయి. మింగుతాడేమోనని బెరిల్‌కి భయం వేసింది.

అలా కనబడుతుందని పాదరీగారు చెప్పగా విన్నానని మ్యూరియల్ అనబోయింది. ఆ పాదరీగారికి కళ్ళు సరిగా కనబడవనీ, ఓసారి పింగాణీ కుక్కకి ఆశీర్వాదం ఇచ్చారనీ బెరిల్ గుర్తు చేసింది. మ్యూరియల్ చేతికర్ర గోడకి ఆనించి, బడిలో ఇన్‌స్పెక్టరుకి నివేదిక ఇస్తున్నట్టు చెప్పుకొచ్చింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బడినుంచి భోజనానికి ఇంటికి వస్తే తలుపు వెనక ఉత్తరం పడి ఉంది. తను పెద్ద బడి పరీక్ష పాసైంది. ఆ వీధిలో అంతకుముందు ఎవరూ పాసవలేదు. అమ్మ మిల్లులో ఉంది, నాన్న మిల్లులో ఉన్నాడు, బెరిల్ మధ్యాహ్నం చిన్న బడిలోనే తింటుంది, ఇంట్లో చెప్పడానికి మనిషి లేదు. వంటగదిలో కూర్చుంటే రోజూ కూర్చున్నట్టే ఉంది. పాసైన మనిషి కూర్చోదగ్గ చోటు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. ఊరికే వెళ్ళకూడదని అమ్మ ఆదివారం కోటూ టోపీ వేసుకుని, చేతికి తొడుగులు వేసుకుని, ముందుగది తలుపు తట్టి, ‘లోపలికి రండి’ అని తనే అనుకుని వెళ్ళి కూర్చుంది. ఏడు నిమిషాలు. అద్దంలో చూసుకుంది. నెత్తిమీద మిల్లు చిమ్నీ పొగ వదులుతోంది. ఎంతో గొప్పగా ఉన్నాననిపించింది.

“కోటు,” అంది బెరిల్. పది అంగుళాలు పధ్నాలుగు ఎలా అయిందో డెబ్భై ఏళ్ళ తర్వాత లెక్క తేలింది.

సాయంత్రం చెబుదామనే అనుకుందట. అంతలో వీధంతా వరస కట్టింది. చెబితే పెద్ద బడివాళ్ళు సీటు వెనక్కి తీసుకుంటారనుకుంది. పెద్ద బడిలో చేరాక చెబుదామనుకుంది. అప్పటికి అది అందరికీ ఇష్టమైన కథ అయిపోయింది. తను కూడా చెప్పగా చెప్పగా, యాభయ్యో ఏటికల్లా బెరిల్ అక్కడ కూర్చుని ఉండగా తనే చూసినట్టు గుర్తు రావడం మొదలైంది. బెరిల్ బూట్ల రంగుతో సహా.

“ఏ రంగు?”

“గోధుమ రంగు.”

“నాకు గోధుమరంగు బూట్లు ఎప్పుడున్నాయి?”

మ్యూరియల్ ఆలోచించింది. ఆవిడ నిజంగా ఆలోచించడం బెరిల్ అంతకుముందు చూసి ఉండలేదు.

పెల్ నిచ్చెన దిగి, మేకులు నోట్లోంచి తీసి, ఇది ఇంకా మంచి కథ అన్నాడు. కోటుతో సహా ప్రదర్శించవచ్చన్నాడు. రేకు రేపే చెక్కడానికి వెళ్తుందనీ, పేరు మార్చాలంటే ఇప్పుడే చెప్పాలనీ కాగితం, కలం ముందుకు చాపాడు. మ్యూరియల్ కాగితం అందుకుంది. ‘బెరిల్’ అన్నచోట గీత కొట్టి, పైన శుభ్రంగా ‘మ్యూరియల్’ అని రాసింది. ‘ఆరేళ్ళ’ కొట్టేసి ‘పదకొండేళ్ళ’ అని రాసింది. కామా ఒకటి తప్పిపోతే అదీ పెట్టి, తిరిగి ఇచ్చింది.

“ఇదిగో నాయనా. కాగితంలో తప్పుంది, దిద్దాను.”

బెరిల్ గుమ్మం దాటింది. లోపలికి నాలుగడుగులు వేసి, కమిటీ సంతకాలు చేసిన సోఫా దగ్గరికి వచ్చి, టర్కీ కోడి చేసిన గుంట మీద తీరిగ్గా కూర్చుంది. గుంట కనబడకుండా పోయింది. పెల్ మూలిగాడు. బెరిల్ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని అక్కవైపు చూసింది.

“కాగితంలోనా తప్పు?”

మ్యూరియల్ చేతికర్ర కోసం చూసింది. అది గోడ దగ్గర, చేతికందనంత దూరంలో ఉంది. ఏదో అనబోయి మానుకుంది. ఇంకోటి అనబోయి అదీ మానుకుంది. ఆ మాట ఎలా పలకాలో ఎప్పుడూ సాధన చెయ్యని మనిషి కదా. బెరిల్‌కి తొందరేం లేదు. ఎదురుగా అద్దంలో తన నెత్తిమీద చిమ్నీ చక్కగా అమరింది.

“కాగితంలో కాదు,” అంది మ్యూరియల్ చివరికి. “నాది. నాదే తప్పు, బెరిల్.”