ఆకాశం తీసిన ఫిల్ము

ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రం మూలపడ్డాక, డాబామీద ఆకాశమే ఆ పని చేసిపెడుతోందండీ. పైవాడు దయగలవాడు, ఎవరి పనీ ఆగనివ్వడు. రోగిని బల్లమీద పడుకోబెట్టడం, అడుగున ఫిల్ము పెట్టె దూర్చడం, మసక కమ్మేలోపే లాగెయ్యడం: ఎక్స్‌రే అక్కకి ఇల్లు ఊడ్చుకున్నంత అలవాటు. ఎముక కనిపిస్తే చాలు, మసకతో మనకేం పని అనేది.

ఆవేళ బల్లెక్కింది ఆమె సొంత చెల్లెలు. ముంజెయ్యి విరిగింది. మెట్లమీంచి పడ్డానంది. పోయినసారి పక్కటెముక విరిగినప్పుడూ ఆ మెట్లే.

"ఆ మెట్లకి నువ్వంటే ఎంత ప్రేమే," అంది అక్క, పెట్టె దూరుస్తూ.

చెల్లెలు నవ్వబోతే చిట్లిన పెదవినుంచి మళ్లీ నెత్తురు కారింది. కట్టు కట్టించుకుని సాయంత్రానికల్లా ఇల్లు చేరాలంది. చేరితే మళ్లీ దీన్ని ప్రాణాలతో చూస్తానా అనుకుంది అక్క.

అంతలో మరిది, అదే చెల్లెలి మొగుడు, పైకొచ్చాడు. ఇంకా ఎంతసేపని అరిచాడు. కదిలితే ఫిల్ము పాడవుతుందని అక్క అడ్డు నిలబడింది. పిడికిలితో మొహమ్మీద గుద్దాడు. పన్ను ఊడి నేలన పడింది. జుట్టు పట్టుకుని పిట్టగోడకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆమె కిందపడి కూడా వాడి కాలు వదల్లేదు. రెండోకాలితో డొక్కలో తన్నాడు. కాంపౌండరూ వాచ్‌మనూ వచ్చి వాడి చేతులు విరిచిపట్టేసరికి పెట్టె సంగతి ఎవరికి గుర్తు? చెల్లెలు మాత్రం బల్లమీద బిగుసుకుని ఉంది. దెబ్బలు పడేటప్పుడు కదలకూడదని ఎప్పుడో నేర్చుకుంది పాపం.

అంతసేపూ బల్లకిందే ఉండిపోయిన ఫిల్ముని కడిగితే, మసకంతా విడిపోయి అందులో చెల్లెలి ఒళ్లంతా నల్లటి చుక్కలు తేలాయి.

కింద గదిలో డాక్టరమ్మ దాన్ని లైటుకెదురుగా పట్టింది. "పైనా ఇంతేనమ్మా. చూస్తే ఆకాశమంతా ఒకటే మసక. ఓపిగ్గా చూస్తే వేటికవే కృష్ణబిలాలు. దగ్గరికొచ్చినదాన్ని చీల్చి మింగుతాయి. ఆ చీల్చేచోటే ఈ కిరణాలు పుడతాయి."

ఏదో కాస్త బాగాలేదు, అంతే. ఇన్నాళ్లూ తన కాపురం గురించి చెల్లెలు అలాగే చెప్పుకుంది. ఇప్పుడు బాగున్న చేతి వేలు ఒక చుక్కమీద పెట్టింది.

"ఇది తలుపు ఆలస్యంగా తీసినందుకు." వేలు జరిగింది. "ఇది నీతో ఫోన్లో మాట్లాడినందుకక్కా."

గుమ్మంలోంచి మరిది గొంతు మెత్తగా చేసుకుని, ఇంటికి పోదాం పదమన్నాడు. మొగుడూపెళ్లాల గొడవలో మనకెందుకని వాచ్‌మన్ పట్టు సడలించాడు.

"పోలీసులొచ్చేదాకా గట్టిగా పట్టుకో అన్నా," అంది చెల్లెలు. "నేనింకా సగం కూడా చెప్పలేదు."